పట్టికలో లేని ఒకటి

ఆ రోజుల్లో మా ఊళ్లో జవాబు ఒప్పయితే చాలు, నువ్వు ఏ దారిన వచ్చావని ఎవరూ అడిగేవారు కాదు. మా నాన్న కాలవ మీద నీళ్లు వదిలే లస్కరు. గట్టున నిలబడి నీటి వంక ఒక్కసారి చూసి, పొద్దుగూకేలోపు చివరి పొలానికి అందుతుందో అందదో చెప్పేసేవారు. పామర్రు సంతలో గేదె నడక చూసి పాడి ఎంతో చెప్పేవాళ్లుండేవారు. మా అమ్మ గుమ్మడికాయను అరచేత్తో తట్టి బరువు చెప్పేది, తర్వాత కాటాకు వేస్తే కాటాదే తప్పని తేలేది. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగినవాడు లెక్కల పరీక్షలో జవాబులు మాత్రమే రాసి మధ్యలో మెట్లు రాయకపోతే అది వాడి తప్పా? కాదని అప్పుడూ అన్నాను, జుట్టు సగం తెల్లబడ్డాక ఇప్పుడూ అంటున్నాను.

డెబ్బైల చివరి మాట ఇది. ఇంటర్మీడియట్‌లో నాకు లెక్కలు రెండుసార్లు తప్పాయి. (నాకు తప్పలేదు, వాళ్లకు తప్పాయి, కానీ మార్కుల కాగితం మీద అలా రాయరు.) ప్రశ్న చదవగానే జవాబు వచ్చి కళ్లముందు కూర్చునేది, రాసేవాణ్ణి, తర్వాతి ప్రశ్నకు వెళ్లేవాణ్ణి, హాల్లో అందరికంటే ముందు లేచి బయటికొచ్చేవాణ్ణి. రెండోసారి కూడా తప్పాక బెజవాడ వెళ్లి మా లెక్కల మేష్టారినే అడిగాను. "మెట్లేవిరా? నీ జవాబు నువ్వే చేశావో, పక్కవాడి దాంట్లో చూశావో దిద్దేవాడికి ఎట్టా తెలుస్తుంది?" అన్నారాయన. "పక్కవాడి జవాబు తప్పండీ, కావాలంటే తీసి చూడండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "బయటికి పో" అన్నారు. పోయాను. ఇంటికొచ్చి మూడోసారి పరీక్ష రాసేది లేదని ప్రకటించాను. అమ్మ కళ్లు ఒత్తుకుంది. నాన్న మాత్రం, "ఆ మెట్లేవో రాస్తే నీ సొమ్మేం పోతుందిరా?" అన్నారు. సొమ్ము కాదు, నా మాట పోతుంది. పంతొమ్మిదేళ్ల వయసులో మనిషికి మాట తప్ప వేరే ఆస్తి ఏముంటుంది?

ఆ ఏడు కోతలయ్యాక మా అక్కా బావా బొంబాయి నుంచి వచ్చారు. బావ అక్కడ ఏదో పెద్ద కంప్యూటరున్న ఆఫీసులో పని. మా వైపు అప్పటికి కంప్యూటర్ని చూసినవాళ్లు లేరు కాబట్టి, చూసినవాణ్ణి చూద్దామని జనం మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. "అదెంతుంటుంది బాబూ?" అని అడిగేవారు. "మీ ధాన్యం గది అంత" అనేవాడు బావ. "మరి ఏం తింటది?" "కార్డులు." అంతటితో వాళ్లకు అర్థమైపోయేది, చుట్ట వెలిగించుకుని వెళ్లిపోయేవారు. నాకు మాత్రం అర్థం కాలేదు, కాబట్టి నేను బావను వదల్లేదు. విసిగిపోయి పెట్టెలోంచి ఒక సైక్లోస్టైల్ కాగితాల కట్ట తీసి నా మొహాన పడేశాడు. "ఇది చదువుకో, నా ప్రాణం తియ్యకు." అది లిస్ప్ అనే కంప్యూటర్ భాష పాఠాలు. ప్రతి పేజీ నిండా బ్రాకెట్లు, వాటి లోపల బ్రాకెట్లు, వాటి లోపల ఇంకా బ్రాకెట్లు. (నాకు ఈ బ్రాకెట్ల జబ్బు అంటుకున్నది అక్కడే. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదని మీరు ఈపాటికి గమనించే ఉంటారు.)

ఆ భాషలో నన్ను కట్టిపడేసింది ఒక్కటే సంగతి. అందులో దేన్నీ చెరపడమన్నది లేదు. పనంతా చిన్నచిన్న ఫంక్షన్లు చేస్తాయి. ప్రతిదీ తనకిచ్చినది తీసుకుంటుంది, తన పని చేసి కొత్తది ఒకటి ఇస్తుంది, అంతా మరిచిపోతుంది. పక్కవాడి సంగతి దానికి అక్కర్లేదు, నిన్నటి సంగతి దానికి అక్కర్లేదు. ఇంత మర్యాదస్తులను నేను అంతవరకు మా చుట్టాల్లో చూడలేదు. ఆ కట్ట చివర ఒక అభ్యాసం ఉంది: మాటల్లో రాసిన సంఖ్యను తీసుకుని దశాంశ సంఖ్యగా మార్చండి. అంటే "రెండు అయిదు చుక్క మూడు" అని అక్షరాల్లో ఇస్తే 25.3 అని అంకెల్లో రావాలి. రాత్రింబవళ్లు కూర్చుని చేశాను. బావ దాన్ని వరుస వరుసకూ వేలు పెట్టి చదివాడు. తర్వాత, "పనిచేస్తుందని ఎట్టా తెలుసు?" అన్నాడు. "తెలుసు" అన్నాను. "అదే కదరా నీ రోగం" అన్నాడు.

ఆ పూట అన్నాల దగ్గర, నాన్న వింటుండగా, బావ ఒక షరతు పెట్టాడు. వాళ్ల ఆఫీసులో కార్డులకు చిల్లులు గుచ్చే పనికి కుర్రాళ్లను తీసుకుంటున్నారట. ఆఫీసరు చిత్రమైన మనిషి, ఏం చదివావని అడగడు, ఏం చేశావని అడుగుతాడు. "నీ ప్రోగ్రాం నలుగురి ముందు నడిపి చూపించు. నడిస్తే నేను కళ్లారా చూశానని ఆయనతో చెప్పి నిన్ను బొంబాయి తీసుకుపోతా. నడవలేదో, నోరు మూసుకుని మార్చిలో పరీక్ష రాస్తావు. మెట్లతో సహా." నాన్న ముద్ద కలపడం ఆపి, "ఆ, అది బాగుంది" అన్నారు. "కంప్యూటర్ లేకుండా ఎట్టా నడపను బావా?" అంటే, "అది నీ తలనొప్పి" అని మజ్జిగ పోసుకున్నాడు.

మనుషులతో నడపాలన్న ఆలోచన నాదే. ఒక్కొక్క ఫంక్షనుకు ఒక్కొక్క మనిషి. "ఫంక్షన్ అనమాక, మీవాళ్లు వంటవాణ్ణి పిలుస్తారు. కుర్చీ అను" అన్నాడు బావ. సరే, నాలుగు కుర్చీలు. మొదటి కుర్చీ మా అక్క: ఇచ్చిన వాక్యంలోంచి మొదటి మాట తీసి పక్కకు ఇస్తుంది, మిగిలిన వాక్యాన్ని మళ్లీ తనకు తానే ఇచ్చుకుంటుంది. ("నాకు నేనే ఇచ్చుకోవడమేంటి?" అంది అక్క. "నా జీతం రోజున చేసేదేగా" అన్నాడు బావ.) రెండో కుర్చీ మా పిన్ని: ఆమె దగ్గర ఒక పట్టిక ఉంటుంది, సున్నా నుంచి తొమ్మిది వరకు మాటలు, వాటి ఎదురుగా అంకెలు, చివర చుక్కకు చుక్క, మాట ఉన్న చీటీ తీసుకుని అంకె ఉన్న చీటీ ఇవ్వాలి. మూడో కుర్చీ మా డోలక్, అంటే గుడిలో పాటలకు డోలక్ వాయించే నా స్నేహితుడు: అప్పటిదాకా వచ్చిన సంఖ్యను పదిరెట్లు చేసి కొత్త అంకెను కలుపుతాడు, పాత చీటీ మీద కొట్టివేతలు లేకుండా కొత్త చీటీ రాస్తాడు. నాలుగో కుర్చీ నేను: చుక్క వచ్చాక పడే అంకెలను పదోవంతు, వందోవంతు చేసి, తేలిన సంఖ్యను బోర్డు మీద పెడతాను.

బోర్డు అంటే ఆదివారం పాటల నంబర్లు పెట్టే చెక్క బోర్డు. మా ప్రొటెస్టెంటు గుడిలో ఏటా కోతలయ్యాక పంట పండుగ చేసేవాళ్లం. సంఘస్థులు తెచ్చిన కొత్త ధాన్యం కొలిచి బలిపీఠం ముందు రాశి పోసేవారు, ఆరాధన అయ్యాక ఎన్ని బస్తాలో చెప్పేవారు, మధ్యలో యూత్ వాళ్ల కార్యక్రమాలు. మా పాస్టరుగారిని ఊరంతా అయ్యగారనేవాళ్లం. ఆయన దగ్గరికెళ్లి, నాటిక బదులు కంప్యూటర్ వేస్తామని అడిగాను. "అందులో వేషాలుంటాయా?" అన్నారు. "ఉండవండీ." "డైలాగులు?" "ఉండవండీ. మాట్లాడకూడదు." ఆయన వెంటనే ఒప్పుకున్నారు. కిందటేడు నాటికలో డోలక్ హేరోదు రాజు వేషం వేసి రాయని మాటలు చాలా మాట్లాడాడు.

పేచీ అంతా రిహార్సల్సులో వచ్చింది. నా నియమాలు మూడే: పక్కకుర్చీతో మాట్లాడకూడదు, ఏదీ చెరపకూడదు, ఏదీ గుర్తుపెట్టుకోకూడదు. మొదటి రెండూ ఎలాగో కుదిరాయి. మూడోదాని దగ్గర పిన్ని చీటీలు ఒళ్లో పెట్టుకుని, "గుర్తుపెట్టుకోకుండా ఎట్టా ఉంటంరా? నా పెళ్లినాడు మీ నాన్న మా తమ్ముడికి కాఫీ అందలేదంటే 'అయిపోయింది' అన్న మాట నాకింకా గుర్తుంది" అంది. "అది వేరు పిన్నీ." "ఏం వేరు? గుర్తంటే గుర్తే." మా బాబాయి భార్య ఆవిడ; స్త్రీల సమాజానికి పెద్ద, గొంతూ పెద్దదే, మనసు అంతకంటే. తొమ్మిది దాకా అంకెలు ఆవిడకు పట్టిక చూడకుండానే వచ్చు, అయినా చూడాలన్నది నా పట్టు. "చూడు పిన్నీ, నీకు తెలిసినది కాదు, పట్టికలో ఉన్నది ఇయ్యి." "నాకు తెలిసిందే కదరా అందులో ఉంది?" "అయినా సరే, చూడు." ఆవిడ నావంక చూసి, పట్టిక వంక చూసి, చీటీ విసిరికొట్టింది.

ఇక పట్టికలో లేని మాట వస్తే ఏం చెయ్యాలి? దానికీ నియమం పెట్టాను. పిన్ని ఖాళీ చీటీ ఇవ్వాలి. ఖాళీ చీటీ అందుకున్న డోలక్ ఖాళీ చీటీయే ఇవ్వాలి. అది నాదాకా వస్తే నేను బోర్డు మీద ఏమీ పెట్టను. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం, ఊహించి చెప్పకపోవడం. బావకు నా ప్రోగ్రాంలో నచ్చింది ఆ ఒక్క వరుసే. పరీక్షించడానికి డోలక్ "మూడు బూరె రెండు" అని రాసిచ్చాడు. పిన్ని బూరె దగ్గర ఆగింది. చేతిలో ఖాళీ చీటీ పట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఎదురుగా మనిషి చెయ్యి చాపి కూర్చుంటే ఖాళీ కాగితం ఎట్టా చేతిలో పెడతాంరా? మర్యాదేనా? మా ఇంటికొచ్చినవాణ్ణి ఇంతవరకూ వట్టి చేతుల్తో పంపలా నేను." "పిన్నీ, వాడు చుట్టం కాదు, కుర్చీ." "కుర్చీ అయితే మాత్రం!" అంటూనే ఇచ్చింది, మొహం తిప్పుకుని. ఇచ్చింది కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. (మనిషి ఒకసారి చేసిన పని రెండోసారీ చేస్తాడనుకోవడం ఫంక్షన్ల గుణం, మనుషుల గుణం కాదు. ఇది ఆ పాఠాల కట్టలో లేదు.)

పండుగ రోజు గుడి కిటకిటలాడిపోయింది. బలిపీఠం ముందు ధాన్యం రాశి, దాని పక్కన చెరుకు గడలు, అరటిగెల, ఎవరో తెచ్చిన కోడిపుంజు. దానికి ఎదురుగా మా నాలుగు కుర్చీలు. బోర్డు మీద అంకెల పలకలున్నాయి కానీ దశాంశ చుక్క ఏ కీర్తనకూ అవసరపడలేదు కాబట్టి అది లేదు. చింతగింజ ఒకటి మైదాపిండితో అంటించడానికి సిద్ధంగా పెట్టుకున్నాను. నేను లేచి నియమాలు చెప్పాను: ఎవరైనా ఒక సంఖ్యను అంకె తర్వాత అంకెగా మాటల్లో చెప్పాలి, చుక్క ఉన్నచోట చుక్క అనాలి, అయ్యగారు కాగితం మీద అక్షరాల్లో రాసి మొదటి కుర్చీకి ఇస్తారు. నాన్న వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. బావ ముందు బెంచీ మీద, కాలు మీద కాలేసుకుని.

మొదటి సంఖ్య అయ్యగారిదే. "మూడు సున్నా చుక్క రెండు." అక్క విడదీసింది, పిన్ని పట్టిక చూసింది (చూసినట్టు నటించింది), డోలక్ నాలుక బయటపెట్టి రాశాడు, నేను బోర్డు మీద 30.2 పెట్టాను. గుడి అంతా చప్పట్లు. రెండోది స్త్రీల వైపు నుంచి వచ్చింది, అదీ ఒప్పే. బావ కాలు దించి ముందుకు వంగాడు. బొంబాయి సముద్రం నాకు వినబడుతోంది. "ఇంకొక్కటి నడిస్తే చాలురా" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా. అయ్యగారికి అప్పుడు బుద్ధి పుట్టింది. "మన రాశి ఎన్ని బస్తాలో కంప్యూటరే చెప్పాలి! కుంచం తాతా, ఇట్టా వచ్చి చెప్పు" అన్నారు.

కుంచం తాత ఊరందరి ధాన్యమూ కొలిచే మనిషి. కుంచం చేతిలో లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు, అందుకే ఆ పేరు. పొద్దున్నే రాశి కొలిచి, పద్నాలుగున్నర బస్తాలని అయ్యగారి చెవిలో వేసి ఉన్నాడు. అది ఇప్పుడు అంకెలుగా చెప్పాలి: ఒకటి, నాలుగు, చుక్క, అయిదు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా డెల్టాలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, ఇలా. అది ఎప్పటి నుంచి వస్తున్న మర్యాదో ఎవరికీ తెలియదు. శకునాలు నమ్మవద్దని ఆదివారం ఆదివారం చెప్పే అయ్యగారు సైతం, తమ ఇంటి ధాన్యం కొలిచేటప్పుడు తాత నోట లాభం అన్నమాట వినబడేదాకా ఊపిరి పీల్చుకునేవారు కాదు. తాత రాశి ముందుకొచ్చి నిలబడ్డాడు. ధాన్యం ఎదురుగా ఉంది, కుంచం చేతిలో ఉంది. ఇక ఆ నోరు వేరే విధంగా ఎలా తిరుగుతుంది? రాశి వంకే చూస్తూ, కొలిచే రాగంలో మొదలుపెట్టాడు: "లాభం... నాలుగు... చుక్క... అయిదు."

అయ్యగారు ఉన్నదున్నట్టు రాసి అక్కకిచ్చారు. అక్క మొదటి మాట విడదీసి పిన్నికిచ్చింది. నేను కుర్చీ అంచుకు జరిగాను. నా నియమానికి పరీక్ష వచ్చింది! లాభం పట్టికలో లేదు. కాబట్టి ఖాళీ చీటీ, ఖాళీ చీటీ, ఖాళీ బోర్డు. నేను లేచి, "ఇది అంకె కాదని కంప్యూటర్ కనిపెట్టింది, అంకె చెప్పండి" అంటాను, తాత ఒకటి అంటాడు, మళ్లీ నడుస్తుంది, బావ బొంబాయిలో ఇది కథలు కథలుగా చెప్తాడు. ఇలా అనుకుంటూ ఉండగానే డోలక్ నాకొక చీటీ ఇచ్చాడు. దాని మీద 14 అని ఉంది. వెనకే చుక్క వచ్చింది, అయిదు వచ్చింది. నా చేతులు వాటంతట అవే బోర్డు మీద 14.5 పెట్టేశాయి.

"పద్నాలుగున్నర!" అని అయ్యగారు కేకేశారు. గుడి మార్మోగిపోయింది. తాత కుంచం పైకెత్తి ఊపాడు. బావ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నాన్న కూడా. మా నాన్న నాకోసం చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. నేను పిన్ని వంక చూశాను. ఆవిడ పట్టిక మడిచి ఒళ్లో పెట్టుకుని, గంగిగోవులా పైకప్పు వంక చూస్తోంది. పట్టికలో లేని ఒకటిని ఆవిడ తన బుర్రలోంచి తీసి ఇచ్చింది. కంప్యూటర్ నడవలేదు. పిన్ని నడిచింది.

ఇప్పుడు మీరు చెప్పండి, నేనేం చెయ్యాలి? జవాబు ఒప్పు. జనం ఆనందంగా ఉన్నారు. నోరు మూసుకుంటే బొంబాయి. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు. కానీ నాకు తెలుసు. నా నియమాన్ని నా కళ్లముందే దాటి వెళ్లిన ఆ ఒకటి బోర్డు మీద కూర్చుని నన్ను వెక్కిరిస్తోంది. చెయ్యెత్తి, "తప్పు!" అని అరిచాను.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "ఏంటి తప్పు? పద్నాలుగున్నర కాదా?" అన్నారు అయ్యగారు, కంగారుగా రాశి వంక చూస్తూ. "పద్నాలుగున్నరే అండీ." "మరి?" "రెండో కుర్చీ ఖాళీ చీటీ ఇవ్వాలండీ. లాభం అంకె కాదు. పట్టికలో లేదు." తాత కుంచం కిందికి దించాడు. "లాభం కాదా? ఒరే పిల్లోడా, రాశి ముందర నిలబడి లాభం కాదంటావా!" "లాభం అనేది ఆశ తాతా, అంకె కాదు." పిన్ని లేచింది. నియమం మీద నియమం కొట్టుకుపోయింది. "ఒరే సన్నాసీ, లాభమంటే ఒకటని పాలు తాగే పిల్లక్కూడా తెలుసు. నువ్వు బొంబాయి పోతావని పెట్టానురా! ఖాళీ కాగితం పెడితే నీ బతుకు ఖాళీ అయిపోదా?" "నీకు తెలియడం కాదు పిన్నీ, పట్టికకు తెలియాలి." "జవాబు ఒప్పే కదరా!" అన్నాడు డోలక్, నాకు సాయం చేస్తున్నాననుకుని. అప్పుడన్నాను, గుడిలో అందరూ వినేలా, గొంతు చించుకుని: "జవాబు ఒప్పయితే చాలదు! వచ్చిన దారి ఒప్పవ్వాలి!"

బావ మెల్లగా వెనక్కి తిరిగి నాన్న వంక చూశాడు. నాన్న బావ వంక చూశారు. తర్వాత బావ నా దగ్గరికొచ్చి, నా భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా, "ఏమన్నావు బామ్మర్దీ? ఇంకోసారి అను" అన్నాడు. నేను మళ్లీ అనలేదు. అనే అవసరం రాలేదు, ఎందుకంటే వెనక నుంచి నాన్న, కాలవ గట్టు మీద నిలబడి చివరి పొలం రైతుల్ని పిలిచే గొంతుతో, "మార్చి పరీక్షకు ఫీజు రేపే కడతన్నా!" అని కేకేశారు. ఆ కేకకో, నా ఖర్మకో, బోర్డు మీది చింతగింజ ఊడి కిందపడింది. 14.5 కాస్తా 145 అయి కూర్చుంది. తాత దాన్ని చూసి, "చూశారా, లాభం అన్నాను, దేవుడు పదింతలు చేశాడు!" అన్నాడు. హల్లెలూయ అని గుడి కప్పు లేచిపోయింది. నా తీర్పును ఇక ఎవరూ వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని అన్నానికి పిలిచింది. సంధి అనుకుని వెళ్లాను. పీట వేసింది, కంచం పెట్టింది, కంచంలో ఏమీ పెట్టకుండా ఎదురుగా కూర్చుంది. "ఏంటి పిన్నీ?" "నా పట్టిక చూశా. అందులో నీ పేరు లేదు." నేను లేవలేదు. నియమం నాది; నియమం పెట్టినవాడు దానికి కట్టుబడాలి. ఖాళీ కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. లోపల గోంగూర పప్పు వాసన. ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది, నేను గోడ వంక చూస్తూ కూర్చున్నాను. ఎవరు ముందు ఓడతారా అని బాబాయి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చివరికి ఆవిడే గరిట తెచ్చింది. వడ్డిస్తూ, "ఆకలికి పట్టికలేంట్రా వెధవా" అంది. నెయ్యి మాత్రం మామూలు కంటే ఎక్కువ వేసింది.

మార్చిలో పరీక్ష రాశాను. మెట్లు అడిగారు కదా, ఇచ్చాను. రెండుకు మూడు కలిపితే ఎందుకు అయిదవుతుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టి రాశాను. అడిషనల్ షీట్ల కోసం నేను చెయ్యెత్తినప్పుడల్లా ఇన్విజిలేటరు దిగులుగా నిట్టూర్చేవాడు. పాసయ్యాను, అంతంతమాత్రంగా, ఎందుకంటే మెట్లెక్కుతూ ఉండగానే బెల్లు కొట్టేశారు. చిట్టచివరి లెక్కకు మాత్రం కావాలనే జవాబొక్కటే రాశాను, కింద గీత కూడా గీశాను. వాళ్లు దానికి సున్నా వేసే ఉంటారు. వేసుకోనివ్వండి, అది ఒప్పు. బొంబాయికి మాత్రం వేరే ఎవరో కుర్రాడు వెళ్లాడు. ఆ తర్వాత నేను బెజవాడ వన్ టౌన్‌లో గోదాముల సరుకు లెక్కలు చూసే పనిలో చేరి అక్కడే స్థిరపడ్డాను. ఎప్పుడు కలిసినా బావ ఒకే మాట అంటాడు: "ఆ రోజు నోరు మూసుకుంటే బొంబాయిలో ఉండేవాడివి." నేనూ ఒకే మాట అంటాను: "ఉండేవాణ్ణి, అంతా తెలిసినట్టు జవాబులు చెప్పే యంత్రాలు తయారుచేస్తూ."

ఈమధ్య నా బల్ల మీదికి ఒక కంప్యూటర్ వచ్చింది, ధాన్యం గదిలో సగం కాదు కదా, ధాన్యం డబ్బా అంత కూడా లేదు. సాయంత్రాలు గోదాము మూశాక ఒక కొత్త భాష సొంతంగా నేర్చుకుంటున్నాను. ఇదీ అంతా ఫంక్షన్లదే; ఇందులోనూ చెరపడం లేదు, గుర్తుంచుకోవడం లేదు. బ్రాకెట్లు మాత్రం తగ్గాయి (ఆ లోటు నేను తీరుస్తున్నాను). మొట్టమొదట ఏం రాశానో చెప్పనక్కర్లేదు: మాటల్లో ఉన్న సంఖ్యను దశాంశంగా మార్చడం. సున్నా నుంచి తొమ్మిది వరకు పట్టిక. మూడు సున్నా చుక్క రెండు అని కొట్టాను, 30.2 అంది. తర్వాత చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, "లాభం నాలుగు చుక్క అయిదు" అని కొట్టాను. తెర మీద ఒక్క మాట వచ్చింది, ఏమీ లేదు అని అర్థం వచ్చే మాట. ఖాళీ చీటీ. ఇన్నేళ్ల తర్వాత నేను చెప్పినట్టు చేసిన రెండో కుర్చీ!

గెలిచాను. గెలిచి, ఆ సంగతి చెబుదామని పక్కకు తిరిగాను. పట్టిక చూసినట్టు నటించేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. నా బతుకు ఖాళీ అయిపోతుందని కంగారు పడేవాళ్లూ లేరు. పిన్ని పోయి చాలా ఏళ్లయింది. గోంగూర పప్పులో అంత నెయ్యి వేసేవాళ్లు నాకు మళ్లీ తగల్లేదు. ఆకలేసింది. ఇంటికి వెళ్లేముందు పట్టిక తెరిచి, ఒకటికి పైన కొత్తగా ఒక వరుస కలిపాను: లాభం, ఎదురుగా ఒకటి. మళ్లీ నడిపాను. 14.5 అని వచ్చింది, చింతగింజ ఊడకుండా.

మాట తప్పానని బావ నవ్వుతాడని నాకు తెలుసు. నవ్వనివ్వండి. ఆ వరుసను నేను నడిపేముందు కలిపాను, నడుస్తుండగా కాదు. అంచేత తప్పు లేదు.